వెనక బెంచీ చెవులు

మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో రోజూ పొద్దున్నే హాజరు తీసుకునేటప్పుడు మేష్టారు ఒక పేరు దగ్గర ఆగిపోయేవారు. రెండుసార్లు పిలిచినా ఆ పిల్ల పలికేది కాదు. మూడోసారికి పక్కనున్న మాలో ఎవరో ఒకరం మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచి 'ప్రెజెంట్ సార్' అనేది. క్లాసంతా నవ్వేది. మేష్టారు మంచివారే, కొట్టేవారు కాదు. 'పరాకు పిల్ల' అనేవారు. కొన్నాళ్ళకి ఆ మాట 'మొద్దు'గా మారింది.

ఆ పిల్లకి చెవి కారేది. వాళ్ళమ్మ రోజూ దూది పెట్టి పంపేది. మధ్యాహ్నానికి ఆ దూది తడిసి పచ్చగా అయ్యేది. వాసన వస్తోందని మేమంతా దూరం జరిగేవాళ్ళం. జరిగి జరిగి ఆమె చివరి బెంచీకి చేరింది. వినపడని పిల్లని మాట అసలే చేరని చోటికి నెట్టేశామన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. అయిదో తరగతి అయ్యాక ఆమె బడి మానేసింది. 'ఎలాగూ చదువు ఎక్కడం లేదు, ఇంట్లో చిన్నవాళ్ళని చూసుకోవాలి' అన్నారు. రెండు కారణాలనీ ఒకే వాక్యంలో చెప్పడం మన ఇళ్ళల్లో మామూలే.

చాలా ఏళ్ళ తర్వాత, బడి పిల్లల ఆరోగ్యం గురించి చదువుతున్నప్పుడు ఆ హాజరు పట్టీ గుర్తొచ్చింది. ప్రతి బడిలోనూ ప్రతి ఉదయమూ ఒక వినికిడి పరీక్ష జరుగుతూనే ఉంది. పేరు పిలుస్తాం, పలికినవాళ్ళకి టిక్కు పెడతాం. పలకనివాళ్ళు ఎందుకు పలకలేదని అడగం. ఆ ప్రశ్న అడగడం ఎప్పుడు మొదలైంది? ఎవరు మొదలుపెట్టారు? అడిగాక ఏం చేశారు? ఈ చరిత్రలో అడుగడుగునా స్త్రీలు ఉన్నారు. పిల్లల చెవుల గురించి మొదట మాట్లాడినవాళ్ళుగా ఉన్నారు, నిందలు మోసినవాళ్ళుగా ఉన్నారు, జీతం లేకుండా పని చేసినవాళ్ళుగానూ ఉన్నారు.

ముందు ఆ చీము సంగతి చూద్దాం. మన పల్లెల్లో 'చెవి కారడం' అనేది జబ్బుగా లెక్కకు రాదు. జలుబులాగే వస్తుంది, పోతుంది అనుకుంటాం. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. చిన్నపిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసినప్పుడు క్రిములు తేలిగ్గా మధ్యచెవిలోకి చేరతాయి. అక్కడ చీము పట్టి, ఒత్తిడికి కర్ణభేరి చిల్లుపడి బయటికి కారుతుంది. కారాక నొప్పి తగ్గుతుంది కాబట్టి నయమైందనుకుంటాం. చిల్లు అలాగే ఉండిపోతే చెరువులో మునిగినప్పుడు, తలంటు పోసుకున్నప్పుడు నీళ్ళు పోయి మళ్ళీ మళ్ళీ కారుతుంది. కిక్కిరిసిన ఇళ్ళు, పొయ్యి పొగ, చాలీచాలని తిండి, పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం – ఇవన్నీ దీనికి తోడవుతాయి. అంటే ఇది పేదరికం చెవి. ఇందులో వంటింటి పొగ భాగం తల్లి చంకలో ఉన్న పసిపిల్లదీ, తల్లిదీ కూడా.

చెవులు కారేవాళ్ళు జనాభాలో 4 శాతం దాటితే అది అత్యవసరంగా పట్టించుకోవలసిన ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో మన దేశం ఆ అత్యధిక వర్గంలోనే ఉంది. అదే వరసలో ఆస్ట్రేలియా ఆదివాసులు, గ్రీన్‌లాండ్ ప్రజలు, టాంజానియా, సాలమన్ దీవులు ఉన్నాయి. ఈ జాబితా చూస్తే చెవి జబ్బుకు భూగోళంతో పాటు అధికారంతో కూడా సంబంధం ఉందని తెలుస్తుంది. సంపన్న దేశమైన ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళ పిల్లలకు అరుదైన జబ్బు అక్కడి ఆదివాసీ పిల్లలకు మామూలైపోయింది. మన దగ్గర వేలూరు వైద్యులు తమిళనాడు పల్లెలోని ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల్ని పరీక్షించి 1997లో ఫలితాలు ప్రచురించారు. పదిమందిలో ఒకరికి పైగా వినికిడి లోపం బయటపడింది. వాళ్ళు బధిరుల పాఠశాల పిల్లలు కాదు. మామూలు బళ్ళో, మామూలు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు.

ఈ రకం లోపం పూర్తి చెవుడు కాదు కనకనే కనిపించదు. 'పాలు', 'కాలు' అనే రెండు మాటలు తీసుకోండి. అచ్చులు గట్టిగా వినిపిస్తాయి, హల్లులు మెత్తగా ఉంటాయి. చెవి కొంచెం మందగిస్తే 'ఆ' వినిపిస్తుంది గాని దాని ముందున్నది 'ప'నో 'క'నో 'త'నో తెలియదు. పంతులమ్మ 'పాలు' అని చెప్పి రాయిస్తే పిల్ల 'కాలు' అని రాస్తుంది. ఆ పిల్ల పేరు పెట్టి పిలిస్తే ఒకోసారి పలుకుతుంది, ఒకోసారి పలకదు. అందుకే 'చెవుడు కాదు, పొగరు' అంటారు. మగపిల్లాడైతే 'అల్లరి వెధవ' అవుతాడు. ఆడపిల్లయితే 'మందకొడి', 'మౌనం', ఇంకా నయం 'అణకువ' అవుతుంది. మాట్లాడకుండా, ఎదురు ప్రశ్న వేయకుండా, తల వంచుకు కూర్చునే ఆడపిల్లని మెచ్చుకునే సమాజంలో వినపడని ఆడపిల్లని గుర్తించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆమె రోగలక్షణం మన సుగుణాల పట్టికలో కలిసిపోతుంది.

బడిలో పిల్లల్ని వైద్యులు పరీక్షించాలన్న ఆలోచనకి ఇంగ్లండులో ఒక స్త్రీ పేరుతో విడదీయరాని సంబంధం ఉంది. ఆమె మార్గరెట్ మెక్‌మిలన్. 1860లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టింది. అయిదేళ్ళ వయసులో ఇంట్లో అందరికీ స్కార్లెట్ ఫీవర్ సోకింది. తండ్రి, చెల్లెలు చనిపోయారు. మార్గరెట్‌కి చెవులు పోయాయి. పధ్నాలుగేళ్ళ వయసులో గాని ఆమెకు వినికిడి తిరిగి రాలేదు. బాల్యమంతా నిశ్శబ్దంలో గడిపిన ఆ మనిషి 1894లో బ్రాడ్‌ఫర్డ్ స్కూలు బోర్డుకి సోషలిస్టు అభ్యర్థిగా ఎన్నికైంది. ఉన్ని మిల్లుల ఊరది. పిల్లలు సగంపూట మిల్లులో పనిచేసి సగంపూట బడికి వచ్చేవాళ్ళు. డాక్టర్ జేమ్స్ కెర్‌తో కలిసి 1899లో ఆమె అక్కడి పిల్లలకు వైద్యపరీక్షలు జరిపించింది. బ్రిటన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు జరిగిన తొలి వైద్యపరీక్షగా దాన్ని చెబుతారు.

ప్రభుత్వం మాత్రం పిల్లల మీద ప్రేమతో కదలలేదు. 1899–1902 బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల్లో చాలామంది పనికిరారని తేలడంతో పాలకులకి భయం పట్టుకుంది. 1904లో ఒక ప్రభుత్వ కమిటీ జాతి శారీరక క్షీణత మీద విచారణ జరిపి, కారణాల్లో తల్లుల అజ్ఞానాన్ని ముఖ్యంగా ఎత్తి చూపింది. పది గంటలు మిల్లులో నిలబడి పనిచేసే తల్లి, గాలీ వెలుతురూ లేని గదిలో పిల్లల్ని పెంచే తల్లి అజ్ఞాని అయింది. మిల్లు యజమానికి ఏ పేరూ పెట్టలేదు. ఆ తర్వాత 1907లో వచ్చిన చట్టం బడి పిల్లలకు వైద్యపరీక్ష తప్పనిసరి చేసింది. చికిత్స మాత్రం స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేసింది.

మెక్‌మిలన్ పోరాటం ఇక్కడే. పిల్లకి చెవిలో చీముందని కాగితం మీద రాసి ఇంటికి పంపితే ఏం లాభం? వైద్యుడి ఫీజు కట్టలేని ఇల్లు అది. అక్క రేచల్‌తో కలిసి ఆమె 1908లో లండన్ బౌలో, 1910లో డెప్ట్‌ఫర్డ్‌లో బడి పిల్లల కోసం క్లినిక్ తెరిచింది. కళ్ళు, పళ్ళు, చెవులు, ముక్కు, గొంతు – రోజూ వచ్చి శుభ్రం చేయించుకుని మందు వేయించుకుని వెళ్ళే చోటు. చెవి జబ్బుకి కావలసింది అదే. ఒక గొప్ప ఆపరేషన్ కన్నా ముందు రోజూ దూదితో చెవిని పొడిగా తుడిచి మందు చుక్కలు వేసే చేతులు కావాలి. పరీక్ష వేరు, చికిత్స వేరు అన్న ఈ విభజన 1907 చట్టంలో మొదలై ఇవాళ్టిదాకా మనల్ని వెంటాడుతూనే ఉంది. ఈ వ్యాసమంతా ఒక రకంగా ఆ విభజన కథే.

మన దేశంలో బడి పిల్లల వైద్యపరీక్ష మొదట 1909లో బరోడా నగరంలో జరిగిందని ప్రజారోగ్య గ్రంథాలు చెబుతాయి. అది యాదృచ్ఛికం కాదు. అంతకు మూడేళ్ళ ముందే, 1906లో, ఆ సంస్థానం ఆడపిల్లలతో సహా ప్రాథమిక విద్యను నిర్బంధం చేసింది. పిల్లలు బడికి వచ్చినప్పుడే బడి ద్వారా ఆరోగ్యం అన్న మాటకి అర్థం ఉంటుంది. బ్రిటిషు పాలన ఉన్న మిగతా ప్రాంతాల్లో ఆ రెండూ లేవు. 1946లో భోర్ కమిటీ దేశంలో పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపు లేవనీ, ఉన్నచోట్ల కూడా అరకొరగా ఉన్నాయనీ తేల్చి చెప్పింది.

స్వతంత్రం వచ్చాక రెండు కమిటీలు, ఇద్దరు స్త్రీల అధ్యక్షతన, దాదాపు ఒకే కాలంలో పనిచేశాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. ఒకటి 1958లో ఏర్పడి 1959లో నివేదిక ఇచ్చిన జాతీయ స్త్రీ విద్యా కమిటీ. దాని అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. రెండోది 1960లో కేంద్రప్రభుత్వం వేసిన పాఠశాల ఆరోగ్య కమిటీ. దాని అధ్యక్షురాలు బెంగాల్‌కు చెందిన రేణుకా రాయ్. ఇద్దరూ రాజ్యాంగ సభలో కూర్చున్నవాళ్ళు. రేణుకా రాయ్ అఖిల భారత మహిళా సభలో పనిచేసింది, హిందూ స్త్రీల ఆస్తి, విడాకుల హక్కుల కోసం వాదించింది. దేశవిభజన తర్వాత పశ్చిమ బెంగాల్‌లో పునరావాస శాఖ మంత్రిగా శరణార్థి శిబిరాల పిల్లల్ని దగ్గర్నుంచి చూసింది. ఆమె కమిటీ 1961లో నివేదిక ఇచ్చింది.

ఒక కమిటీ ఆడపిల్ల బడికి ఎందుకు రావడం లేదని అడిగింది. రెండో కమిటీ బడికి వచ్చిన పిల్ల ఒంట్లో ఎలా ఉందని అడిగింది. ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఫైలులో కలవవలసినవి. కలవలేదు. విద్యాశాఖ హాజరు లెక్క రాసుకుంది, ఆరోగ్యశాఖ జబ్బుల లెక్క రాసుకుంది. చెవి కారడం వల్ల చదువు ఎక్కక బడి మానేసిన ఆడపిల్ల మొదటి లెక్కలో 'డ్రాపౌట్', రెండో లెక్కలో అసలు లేదు. బడి ద్వారా చేసే ఏ ఆరోగ్య కార్యక్రమమైనా బడిలో ఉన్నవాళ్ళనే చూస్తుంది. 1991లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన స్త్రీలు 33 శాతం లోపే. పదేళ్ళ తర్వాత, 2001లో, సగానికి చేరారు. అంటే బడి గోడల మధ్య జరిగిన పరీక్షల్లో చాలాకాలం ఎవరి చెవులు లెక్కకొచ్చాయో, ఎవరివి రాలేదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పరీక్ష ఎలా జరిగేదన్న సంగతి. మొదట్లో గుసగుసగా మాట్లాడి చూడటం, గడియారం టిక్‌టిక్ వినిపిస్తోందా అని అడగడం, ట్యూనింగ్ ఫోర్కు – ఇవే సాధనాలు. 1920ల్లో అమెరికాలో గ్రామఫోను ఆడియోమీటరు వచ్చింది. దాదాపు నలభైమంది పిల్లల్ని ఒకేసారి కూర్చోబెట్టి తలా ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చేవారు. రికార్డులో అంకెలు వినిపించేవి, గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయేది. పిల్లలు వినిపించినంతవరకు కాగితం మీద రాయాలి. ఎక్కడ ఆగిపోయారో చూసి లోపం పట్టుకునేవారు. అయితే అంకెలు రాయడం రాని పిల్లలకి ఆ పరీక్ష పనికిరాదు. తర్వాత ఒక్కొక్కరికి 1000, 2000, 4000 హెర్ట్జ్ శబ్దాలు వినిపించి చెయ్యెత్తమనే పద్ధతి స్థిరపడింది. చదువు రాని పిల్లకి కూడా అది పనికొస్తుంది. కానీ దానికి నిశ్శబ్దమైన గది కావాలి. మన పల్లె బడిలో అది ఎక్కడ దొరుకుతుంది? పక్క గదిలో ఎక్కాలు, బయట మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు, రేకుల మీద వాన. గదిలో చప్పుడు ఎక్కువైతే బాగా వినిపించే పిల్ల కూడా పరీక్ష తప్పుతుంది. అందుకే చాలాచోట్ల ఆడియోమీటరు లేకుండానే, చెవిలోకి లైటు వేసి చూసి, వెనకనుంచి పేరు పిలిచి పని ముగించారు.

మరీ చిన్నపిల్లల వినికిడిని ఎలా కనిపెట్టాలన్న దానికి దారి చూపినవాళ్ళలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐరీన్ యూయింగ్ ఒకరు. 1919లో బధిరుల విద్యా విభాగంలో ఆమె తొలి లెక్చరరు. భర్త అలెగ్జాండర్‌తో కలిసి 1944లో పసిపిల్లల వినికిడి పరీక్ష గురించి ప్రచురించింది. బిడ్డ తల్లి ఒళ్ళో కూర్చుంటుంది. ఎదుట ఒకరు బిడ్డ దృష్టిని పట్టి ఉంచుతారు. కనపడకుండా పక్కనుంచి మరొకరు మెల్లగా చప్పుడు చేస్తారు. బిడ్డ తల తిప్పితే వినిపించినట్టు. తల్లి ఒడినే ప్రయోగశాలగా మార్చిన పరీక్ష అది. యంత్రం అక్కర్లేదు, శ్రద్ధ కావాలి.

తల్లుల మాట వింటే శాస్త్రం ఎంత ముందుకు పోతుందో చెప్పే సంఘటన మరొకటుంది. 1941లో సిడ్నీలోని కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ గర్భిణులకు రూబెల్లా సోకితే బిడ్డలకు పుట్టుకతో కంటిశుక్లాలు వస్తున్నాయని ప్రకటించాడు. తన క్లినిక్ బయట కూర్చున్న తల్లులు 'నాకూ కడుపుతో ఉన్నప్పుడు ఆ దద్దుర్ల జ్వరం వచ్చింది' అని చెప్పుకోవడం ఆయన చెవిన పడిందనీ, ఆ మాటే దారి చూపిందనీ కథనం. ఆ వార్త పత్రికల్లో వచ్చాక, మా పిల్లలకి చూపు బాగానే ఉంది గాని వినపడదు అని తల్లులే ఆయనకి తెలియజేశారు. 1943లో అడిలైడ్ వైద్యుడు చార్లెస్ స్వాన్ బృందం పరిశీలనలో చెవుడుకీ రూబెల్లాకీ ఉన్న సంబంధం రుజువైంది. వైద్యచరిత్రలో మిగిలినవి వైద్యుల పేర్లు. తల్లుల పేర్లు లేవు. మన తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ 2017 ఆగస్టులో 15 ఏళ్ళలోపు పిల్లలందరికీ తట్టు–రూబెల్లా టీకాలు వేశారు. ఎక్కువగా బళ్ళలోనే వేశారు. ఆ సూది వెనక ఏ తల్లుల కబుర్లున్నాయో గుర్తు చేసుకోవలసిన అవసరం ఉంది.

మన దగ్గర మాత్రం తల్లి సాక్షి కన్నా ముందు ముద్దాయి. పుట్టు చెవుడు ఉన్న బిడ్డ పుడితే 'ఆమె కడుపు అలాంటిది' అంటారు, గ్రహణాన్ని తప్పు పడతారు. మేనరికపు పెళ్ళిళ్ళలో, మేనమామని చేసుకోవడంలో, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగిన ఒకే జన్యులోపం బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. బిడ్డకి చెవుడు రావాలంటే ఆ జన్యువు ఇద్దరి దగ్గర్నుంచీ రావాలి. ఆస్తి బయటికి పోకుండా పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో పదహారేళ్ళ పిల్ల ఇష్టానికి చోటెక్కడిది? నింద దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా ఆమెదే. ఇక్కడ కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. మేనరికం వద్దని చెప్పే ప్రచారం, ఇప్పటికే మేనరికంలో ఉన్న తల్లుల మీద ఇంకో రాయి వేయకూడదు.

మళ్ళీ మన సంస్థల చరిత్రకి వస్తే, 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో ఏర్పడిన జాతీయ వినికిడి సంస్థకు హైదరాబాదీ అయిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం వచ్చింది. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది. దాని కింద చాలాకాలం పంచినవి ఛాతీ మీద పెట్టుకునే డబ్బాలాంటి హియరింగ్ ఎయిడ్లు. చెవికి వైరు, వైరు చివర డబ్బా, ఆ డబ్బా పెట్టుకోవడానికి జేబు. మగపిల్లాడి చొక్కాకి జేబుంటుంది. లంగా జాకెట్టుకి ఉండదు. డబ్బాని సంచీలో వేసి మెడకి తగిలించుకోవాలి, లేకపోతే జాకెట్లో దోపుకోవాలి. వయసొచ్చిన ఆడపిల్ల ఛాతీ మీద వైరు వేలాడుతుంటే ఊరి కళ్ళన్నీ అక్కడే. 'పెళ్ళి కావాల్సిన పిల్ల' అని తల్లే దాన్ని తీసి పెట్టెలో దాచేది. సాధనం తయారుచేసిన చేతులకి ఆడపిల్ల ఒళ్ళు గుర్తు లేదు.

చట్టం సంగతి ఇంకోటి. 1995 వికలాంగుల చట్టం ప్రకారం మెరుగ్గా ఉన్న చెవిలో 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యం. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా వినికిడిలో కింది గీత 60 దగ్గరే ఉంది. అదే పిల్లల విషయంలో, మెరుగైన చెవిలో 30 డెసిబెల్స్ దాటితేనే అది ఆటంకపరిచే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం లెక్కించింది. ఈ 30కీ 60కీ మధ్య ఉన్నదే మన వెనక బెంచీ. చీము కారే చెవులు ఎక్కువగా ఆ మధ్యలోనే పడతాయి. వాళ్ళకి సర్టిఫికెట్ రాదు, పింఛను రాదు, రాయితీ రాదు. పాఠం కూడా వినపడదు.

2007 జనవరిలో కేంద్రం చెవుడు నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమాన్ని 25 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అదే ఏడాది మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత పసిపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ సర్జరీలు కూడా దాని కిందికి వచ్చాయి. 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష పేరుతో బడి పిల్లలకు ఆరోగ్య కార్డులిచ్చారు. 2013లో దేశవ్యాప్తంగా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ వరకు 30 రకాల సమస్యలు చూడాలి. వాటిలో పుట్టు చెవుడు, చెవిలో చీము రెండూ ఉన్నాయి. ఇద్దరు ఆయుష్ వైద్యులు – వాళ్ళలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ – ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు కలిసి ఒక బండిలో అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బళ్ళకు ఒకసారి వెళ్ళాలి. కాగితం మీద ఇది గొప్ప ఏర్పాటు. అంగన్‌వాడీని కూడా కలపడంతో బడికి ముందే పిల్లని చూసే అవకాశం వచ్చింది. ఇంతకన్నా మంచి చట్రం మనకి మునుపెప్పుడూ లేదు.

కానీ 1907 నాటి చీలిక ఇందులోనూ ఉంది. బండి వస్తుంది, చూస్తుంది, చీటీ రాస్తుంది. చీటీ పట్టుకుని జిల్లా కేంద్రానికో, హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికో వెళ్ళాల్సింది తల్లి. ఆ రోజు కూలి పోతుంది. ఇద్దరికీ బస్సు ఛార్జీలు కావాలి. మగతోడు కావాలి. ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరికో అప్పజెప్పాలి. ఒక్కసారితో అయ్యే పని కాదు, చెవి ఆరేదాకా తిరగాలి. ఇంట్లో కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ చీటీలొస్తే ఏ చీటీ ముందు బస్సెక్కుతుందో మనకి తెలుసు. కంటికయితే తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో పెద్ద ప్రచారాలు జరిగాయి. కళ్ళజోడు అక్కడికక్కడే చేతికి వస్తుంది, ఫోటోలో కనిపిస్తుంది. చెవికి వేసే చుక్కల మందు ఫోటోలో కనపడదు.

ఈ చీలికని పూడ్చడం సాధ్యమేనని అలాస్కా అనుభవం చెబుతోంది. బేరింగ్ సముద్రం ఒడ్డున నోమ్ పట్టణం చుట్టూ ఉన్న పల్లెలకి రోడ్లు లేవు, చిన్న విమానాలే గతి. అక్కడి ఆదివాసీ పిల్లల్లో చెవి కారడం చాలా ఎక్కువ. బళ్ళో వినికిడి పరీక్షలు ఎప్పటినుంచో జరుగుతున్నాయి, చీటీలూ ఇంటికి వెళుతున్నాయి, పిల్లలు మాత్రం డాక్టరు దాకా చేరడం లేదు. ఆడియాలజిస్టు సమాంతా క్లైన్‌డీన్స్ట్ రోబ్లర్, ఈఎన్‌టీ సర్జను సూసన్ ఎమెట్ అనే ఇద్దరు స్త్రీలు అక్కడివాళ్ళతో కలిసి 2017 నుంచి 15 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. కొన్ని ఊళ్ళలో పాత పద్ధతి – ఇంటికి ఉత్తరం. మిగతా ఊళ్ళలో, పరీక్ష తప్పిన పిల్లని ఊరి క్లినిక్కుకే పిలిచి, అక్కడి హెల్త్ ఎయిడ్ చెవి ఫోటోలు తీసి నిపుణులకి పంపడం. 2022లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తరం పంపిన ఊళ్ళలో మూడోవంతు కన్నా తక్కువమందికి వైద్యం అందింది. ఫోటో పంపిన ఊళ్ళలో మూడింట రెండొంతుల మందికి పైగా అందింది. సగటున 92 రోజులు పట్టేది 41 రోజులకి తగ్గింది. కిటుకు యంత్రంలో లేదు. కదలాల్సింది తల్లీ పిల్లా కాదు, సమాచారం అన్న తెలివిడిలో ఉంది. ఆ ఊరి క్లినిక్కులో జీతానికి పనిచేసే ఆ ఊరి మనిషి ఉండటంలో ఉంది.

మన దగ్గర ఆ మనిషి ఎవరు? ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, ప్రాథమిక పాఠశాల పంతులమ్మ. అందరూ స్త్రీలే. కాన్పులు, టీకాలు, పోషకాహారం, సర్వేలు, ఎన్నికల డ్యూటీ అయ్యాక 'చెవులు కూడా చూడండి' అని ఇంకో రిజిస్టరు. ఆశాకీ అంగన్‌వాడీకీ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వాళ్ళకి చెవి చూసే లైటూ, శిక్షణా, ఆ పనికి తగిన జీతమూ ఇవ్వకుండా కార్యక్రమం విఫలమైందని రాయడం అన్యాయం.

ఇంకో మాట. పరీక్షల గురించి ఇంత చెప్పాక, వినపడకపోవడమే జీవితానికి ముగింపన్నట్టు మాట్లాడకూడదు. 'చెవిటివాడి ముందు శంఖం' అనే సామెత నుంచి 'చెవిటి మాలోకం' దాకా మన భాష నిండా అవహేళనే. సంజ్ఞాభాషలో చదువుకుని, ఉద్యోగాలు చేస్తూ, తమని తాము ఒక భాషా సమాజంగా చెప్పుకునే బధిర స్త్రీలు ఉన్నారు. చీము కారే చెవిని నయం చేయడం ఒక హక్కు. వినపడని పిల్లకి ఆమె భాషలో చదువు చెప్పడం ఇంకో హక్కు. ఒకదాని పేరుతో రెండోదాన్ని కొట్టేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో 60 శాతం నివారించదగినదే. ఆ 60 గురించి ఎంత గట్టిగా అడగాలో, మిగిలిన 40 గౌరవం గురించీ అంత గట్టిగా అడగాలి.

మొన్నామధ్య ఊరెళ్ళినప్పుడు నా చిన్ననాటి ఆ స్నేహితురాలు కలిసింది. కుడిపక్కకి వచ్చి కూర్చోమంది, ఆ చెవి కాస్త వినిపిస్తుందట. చాలాసేపు మాట్లాడుకున్నాం. క్లాసులో నవ్విన సంగతి నేనే ఎత్తాను, క్షమాపణ చెబుదామని. 'మీరెందుకు నవ్వేవాళ్ళో నాకు తెలిసేది కాదు. నేనూ నవ్వేదాన్ని' అంది. తర్వాత లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన చీటీ ఒకటి తెచ్చి చూపించింది. మూడో తరగతి చదివే మనవరాలికి బళ్ళో చెవి పరీక్ష చేసి ఇచ్చారట. రెండు చెవుల్లోనూ చీము, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని రాసి ఉంది. తేదీ రెండు నెలల కిందటిది. ఎందుకు వెళ్ళలేదని అడగబోయి ఆగిపోయాను. కోడలు పత్తి తీతకి పోతోంది, కొడుకు వేరే ఊళ్ళో పని. ఈమెకి ఒంటరిగా వెళితే ఆసుపత్రిలో టోకెన్ నంబరు పిలిచినా వినపడదు.

మర్నాడు పొద్దున్న ముగ్గురం బస్సెక్కాం. ఆ ఊరి బళ్ళో ఆ రోజు అలాంటి చీటీలు ఇంకా ఎంతమందికి ఇచ్చారో, వాటిలో ఎన్ని బస్సెక్కాయో తెలుసుకోవాలి. మీ ఊళ్ళో బడి ఉంటే, మీరు పాఠం చెప్పే చోట వెనక బెంచీ ఉంటే, ఆ లెక్క మీరు కూడా అడగండి.